చెవికి తెలుసు, నాకు తెలియదు

జనవరి 9, మంగళవారం

ఇవాళ ఒక అబద్ధం ఆడాను. ఒక్క మాటే. వచ్చు, అన్నాను.

మధ్యాహ్నం హెడ్‌టీచర్ మిసెస్ థర్కెల్ పిలిపించింది. ఎవరో పిల్లాడు కక్కి ఉంటాడు, తుడవాలి కాబోలు అనుకుని బకెట్ పట్టుకునే వెళ్లాను. పందొమ్మిదేళ్లుగా ఈ బడిలో అసిస్టెంట్‌గా నా పని అదే కదా. లేసులు కట్టడం, ముక్కులు చీదించడం, రంగు కాగితాలు కత్తిరించడం. ఆవిడ బకెట్ వంక చూసి, అది అలా పెట్టి కూర్చో మాక్సీన్, అంది. మే నెలలో జరిగే సాట్స్ పరీక్షల్లో ఆరో క్లాసు పిల్లలు ఆరుగురు గ్రామర్ పేపర్ గట్టెక్కేలా లేరట. వారానికి మూడు రోజులు వాళ్లని విడిగా కూర్చోబెట్టి నువ్వే చెప్పాలి, నీ మాటైతే వింటారు, నీకు గ్రామర్ వచ్చు కదా, అంది.

వచ్చు, అన్నాను.

రాదు. ఒక్క ముక్క రాదు. కానీ సెప్టెంబర్‌కల్లా అసిస్టెంట్లలో ఇద్దరిని తీసేస్తారని స్టాఫ్‌రూమ్‌లో వారం నుంచి గుసగుసలు. అలాంటప్పుడు హెడ్ ఎదురుగా కూర్చుని రాదు అని ఎవరంటారు? బకెట్ అక్కడే మరిచిపోయి వచ్చేశాను.

సాయంత్రం పాత ప్రశ్నపత్రం ఒకటి ఇంటికి తెచ్చి వంటింటి బల్ల మీద పరిచాను. మొదటి ప్రశ్నే 'ఫ్రంటెడ్ అడ్వర్బియల్' కింద గీత గీయమంటుంది. కీత్ డ్యూటీ దిగి వచ్చాడు. చేపలకు పొగబెట్టే షెడ్డులో పని మా ఆయనకి, మనిషి కంటే ముందు హాడక్ వాసన ఇంట్లోకి వస్తుంది. భుజం మీంచి తొంగిచూసి, ఇదేంటి మాక్స్, దగ్గుమందా, రోజుకి ఎన్ని చెంచాలట, అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

జనవరి 10

తప్పు నాది కాదు. రాసుకుంటే కాస్త ఊరటగా ఉంటుందని రాస్తున్నాను.

మేం చదువుకునే రోజుల్లో గ్రామర్ చెప్పడం మానేశారు. అదంతా పాతచింతకాయ పచ్చడి, పిల్లల ఊహాశక్తిని చంపేస్తుంది, అని పైవాళ్లు ఎవరో తేల్చారట. మనసులో ఏముందో అది రాయండి, అనేది మా టీచరు. రాశాం. చచ్చిపోయిన కుందేలు గురించి నేను నాలుగేళ్లు వరసగా రాశాను. ప్రతిసారీ బంగారు స్టారే. కామా ఎక్కడ పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

యాభై రెండేళ్లుగా ఇంగ్లిష్‌లో తిడుతున్నాను, తిట్లు తింటున్నాను, కలలు కంటున్నాను. నౌన్ తెలుసు. వెర్బ్ సగం తెలుసు. తర్వాత అంతా చీకటి.

జనవరి 16, మంగళవారం

మొదటి క్లాసు. బతికి బయటపడ్డాను, అంతే.

ఆరుగురిలో ఐదుగురు మర్యాదస్తులు. అర్థం కాకపోయినా తల ఊపుతారు. ఆరోది కెజియా బ్లాంచర్డ్. పదేళ్లు. నానమ్మ దగ్గర పెరుగుతోంది. అక్షరాలు దానికి కుదురుగా నిలబడవు, చదవాలంటే వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కోవాలి. కానీ నోరు మాత్రం మా గ్రిమ్స్‌బీ చేపల రేవంత. చెయ్యెత్తి, నాకు తెలియదు మిస్, అంటుంది. చిప్స్ కొట్టు దగ్గర ఉప్పు ఎక్కువ వెయ్యమని చెప్పినంత తేలిగ్గా అంటుంది. నాకు కుళ్లొచ్చింది.

రెండు వాక్యాలు చదివి, రెండోది తప్పు అన్నాను. ఎందుకు మిస్, అంది కెజియా. అలా అంటే బాగోదు, అన్నాను. ఎవరికి బాగోదు, అంది. ఐదుగురూ కిసుక్కున నవ్వారు. వినే చెవికి బాగోదమ్మా తల్లీ, అని పేజీ తిప్పేశాను.

నిజానికి నాకున్నది ఆ ఒక్క పద్ధతే. పైకి చదువుతాను, చెవి చెబుతుంది. చెవి ఎప్పుడూ తప్పు చెప్పదు. ఎందుకో మాత్రం చెప్పదు.

జనవరి 18, గురువారం

దొరికింది! ఎక్కడో కాదు, మా బడి వంటింట్లో.

డైవా పదకొండేళ్ల క్రితం లిథువేనియా నుంచి వచ్చింది. మా పిల్లలకి వండి పెడుతుంది. ట్రేలు స్టాండులో పెట్టమని గోడకి కాగితం అంటించింది. అందులో ట్రేకి ముందు ఇంగ్లిష్ 'ద' లేదు, స్టాండుకి ముందూ లేదు. టీ కప్పు కడగడానికి వెళ్లినదాన్ని, ఊరుకోలేక రెండు చోట్లా పెట్టమన్నాను. ఎందుకు, అంది. అలా అయితేనే బాగుంటుంది, అన్నాను.

గరిటె కింద పడేసి మరీ నవ్వింది. పదకొండేళ్లుగా ఈ ఊళ్లో అందరూ నాకు ఇదే చెబుతున్నారు, బాగుంటుంది, బాగోదు! మీకు మీ భాష తెలియదు, దానికే మీరు తెలుసు, అంది. నువ్వైతే ఇంకా నయం మాక్సీన్, నేను తప్పు మాట్లాడితే విరిగిన పాలు వాసన చూసినట్టు మొహం పెడతావు, దాన్ని చూసే దిద్దుకుంటాను, అంది. ఆ తర్వాత తాపీగా, 'ద'ని డిటర్మినర్ అంటారు, మా భాషలో అది లేదు, అందుకే మరిచిపోతాను, అని చెప్పింది.

కప్పు చేతిలోంచి జారబోయింది. డిటర్మినర్! ప్రశ్నపత్రంలో నాలుగో ప్రశ్న!

వాళ్ల ఊరు క్లైపెడాలో స్కేలు పట్టుకున్న టీచరమ్మ దగ్గర ఇంగ్లిష్ నేర్చుకుందట. ఆ పేర్లన్నీ దానికి నాలుక చివర ఉన్నాయి. ఒప్పందం చేసుకున్నాం. మంగళ, గురువారాల్లో ఓవెన్లు కడగడం అయ్యాక అది నాకు పేర్లు చెబుతుంది. నేను దాని నోటీసులు దిద్దుతాను. ఈ సంగతి మూడోకంటికి తెలియకూడదన్నాను. సరే అంది, కానీ నవ్వుతూ అంది.

జనవరి 30

తాళాలు పోయాయని చెప్పడానికి మనకి రెండు దారులున్నాయట. ఐ లాస్ట్ మై కీస్ అంటే ఎప్పుడో పోయాయి, కథ కంచికి. ఐ హావ్ లాస్ట్ అన్నావంటే ఇంకా గుమ్మం బయట వానలో నిలబడే ఉన్నావన్నమాట. దాన్నే ప్రెజెంట్ పర్ఫెక్ట్ అంటారు, అంది డైవా. జరిగింది నిన్నే, కానీ దాని నీడ ఇవాళ మీద పడి ఉంది, అంది.

ఇంటికి వస్తూ దారి పొడవునా నాలో నేనే గొణుక్కున్నాను. ఐ హావ్ లెఫ్ట్ ది ఐరన్ ఆన్. ఐ హావ్ నెవర్ లైక్డ్ హిజ్ సిస్టర్. ఒక్కటీ తప్పు పోలేదు! రెండేళ్ల పిల్లప్పటి నుంచీ ఈ తేడా నాకు తెలుసు. తెలుసని తెలియదు. సొంత ఇంట్లో యాభై ఏళ్లు కాపురం చేసి, అటక మీద ఇంకో గది ఉందని ఇవాళ చూసినట్టుంది.

ఫిబ్రవరి 6

చెత్తడబ్బాకి సీగల్ ఎక్కడెక్కడ ఉండగలదు? మీద, లోపల, వెనక, కింద, పక్కన. అవన్నీ ప్రిపోజిషన్లే. పిల్లలకి ఒక్క నిమిషంలో వచ్చేసింది.

ఫిబ్రవరి 13, మంగళవారం. సెలవులు

ప్యాన్‌కేక్‌ల రోజు. కీత్ నాలుగోది తింటూ షెడ్డు కబుర్లు చెబుతున్నాడు. వుయ్ వాజ్ దిస్, వుయ్ వాజ్ దట్. అయ్యా, సబ్జెక్ట్ బహువచనం, వెర్బ్ కూడా దాని వెనకే నడవాలి, అన్నాను. ఫోర్క్ కింద పెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా నేను ఆ మాటన్నప్పుడల్లా నువ్వు ముక్కెగరేస్తూనే ఉన్నావు, పోనీలే అని ఊరుకున్నాను, ఇప్పుడు దానికో చట్టం కూడా తెచ్చావా, అన్నాడు. మా నాన్న అలాగే అన్నాడు, మా తాత అలాగే అన్నాడు, వాళ్లు పట్టిన చేపలు ఎవరైనా వద్దన్నారా, అన్నాడు.

డైవాని అడగాలి. నిజానికి వాళ్ల తాతదీ ఒక గ్రామరే కదా? వుయ్ వాజ్ అని ఒక్కసారి కూడా తప్పకుండా అంటారు. అదీ ఒక రూలే మరి.

ఐదో ప్యాన్‌కేక్ నేనే వేసి ఇచ్చాను.

మార్చి 5

కెజియా! ఇవాళ నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

మెయిన్ క్లాజ్, సబార్డినేట్ క్లాజ్ తేడా ఎలా చెప్పాలో నాకు అంతుపట్టలేదు. అది చెయ్యెత్తింది. మెయిన్ క్లాజ్ ఒక్కతే కొట్టుకి వెళ్లి రాగలదు మిస్, సబార్డినేట్‌ది చెయ్యి ఎవరో ఒకరు పట్టుకోవాలి, అంది. డైవా చెప్పినప్పుడు కూడా నాకు ఇంత బాగా అర్థం కాలేదు.

జనవరిలో ఇరవైకి నాలుగు వచ్చేవి దానికి. ఇవాళ పదహారు. నేను పైకి చదివితే టిక్కు పెడుతుంది, తనంతట తను చదువుకుంటే తడబడుతుంది. మిసెస్ థర్కెల్ మార్కులు చూసి, పరీక్షలో కూడా దానికి నువ్వే చదివి వినిపించు, నియమాల్లో వీలుంది, అంది. బయటికి వస్తుంటే, భలే పని చేస్తున్నావు మాక్సీన్, అంది. దొంగకి తేలు కుట్టినట్టు నవ్వాను.

కెజియాకి ఐదేళ్ల నుంచి ప్రతి రిపోర్టులోనూ ఒకటే మాట, స్థాయి అందుకోలేదు అని. నానమ్మ ఫ్రిజ్ తలుపు మీద అన్నదమ్ములు పాసైన కాగితాలు అన్నీ ఉన్నాయట. నాకూ ఒక జాగా ఉంచింది మిస్, మాగ్నెట్ కూడా పెట్టింది, దాని కింద ఏమీ లేదు, అంది. ఏడుపు గొంతుతో కూడా కాదు, ఊరికే చెప్పింది.

మార్చి 19

పాసివ్ వాయిస్. కిటికీ పగలగొట్టబడింది. ఎవరు పగలగొట్టారో వాక్యంలో ఉండనక్కర్లేదు. అంటే తప్పించుకోవడానికి కనిపెట్టారా మిస్, అంది కెజియా. డైవాకి చెబితే, ఆ పిల్లని ఏ యూనివర్సిటీకి పంపుతున్నారు, అంది.

ఏప్రిల్ 23

పరీక్షలో చదివి వినిపించేవాళ్లు సంతకం పెట్టాల్సిన కాగితం వచ్చింది. ప్రశ్నని ఉన్నది ఉన్నట్టు చదవాలి. గొంతుతో గానీ, ముఖంతో గానీ, సైగతో గానీ జవాబు తెలియనివ్వకూడదు. తెలియనిస్తే ఆ పేపర్ రద్దు. చదివినవాళ్ల సంగతి బడి చూసుకుంటుంది.

ఇందులో ఏముంది, అనుకుని సంతకం పెట్టాను. జవాబు తెలిసినవాళ్లకి కదా ఆ భయం. నిరుటిదాకా నాకు తెలియనే తెలియదు.

మే 12, ఆదివారం

పొద్దున్నుంచి మూడుసార్లు గిన్నెలు తోమాను.

మే 13, సోమవారం, మధ్యాహ్నం 12

అయిపోయింది! లైబ్రరీ పక్క చిన్న గదిలో నేనూ కెజియా, ఎదురెదురుగా. తలుపు తీసే ఉంది. యాభై ప్రశ్నలూ చదివాను. దాదాపు అన్నిటికీ నాకు పేరు తెలుసు. ప్రతి ప్రశ్న దగ్గరా ఓ, నువ్వా, అనిపించింది, వీధిలో తెలిసినవాళ్లు ఎదురైనట్టు. కానీ రాయిలా కూర్చున్నాను. వేలు కదపలేదు, గొంతు పెంచలేదు. కెజియా నా వంకే చూస్తూ వింది, టిక్కు పెట్టింది. ఎక్కడా ఆగలేదు.

డైవా నాకోసం ఒక పుడ్డింగ్ ఎక్కువ దాచింది. కస్టర్డ్ కూడా రెండింతలు పోసింది.

అదే రోజు, సాయంత్రం 4.30

మధ్యాహ్నం రాసినదంతా తప్పు.

గేటు దగ్గర కెజియా బంగాళాదుంప క్రిస్ప్స్ తింటూ నిలబడింది. మిస్సూ, ఇవాళ మీ ముక్కు భలే పనిచేసింది, అంది. ఏ ముక్కు, అన్నాను. మీ ముక్కే మిస్, తప్పు వాక్యం చదివితే ఇలా పైకి లేస్తుంది, కరెక్ట్‌దైతే పడుకుంటుంది, అని తన ముక్కుతో చేసి చూపించింది. జనవరి నుంచి చూస్తున్నా, మీరు చదివితేనే నాకు ఎక్కువ మార్కులు ఎందుకొస్తాయనుకున్నారు, అంది.

ముందే చెప్పలేదేం, అన్నాను. మీకు తెలుసనుకున్నా, అది మనిద్దరి గుట్టు అనుకున్నా, అంది. ఒక క్రిస్ప్ నాకూ ఇచ్చింది. తిన్నాను కూడా, దేవుడా.

ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా అద్దం ముందు నిలబడి పైకి చదివాను. వుయ్ వర్. వుయ్ వాజ్. లేస్తోంది. ఆపుదామని చూస్తే ఇంకా లేస్తోంది.

మే 14, మంగళవారం

రాత్రి నిద్ర లేదు. నేరం కంటే ముందు నన్ను ఒక ప్రశ్న తినేసింది. అసలు దానికి ఏమైనా వచ్చా, లేక అంతా నా ముక్కేనా?

బడి అయ్యాక కెజియాని కూర్చోబెట్టాను. వీపు వీపు ఆనించి కూర్చున్నాం, అది గోడ వైపు, నేను కిటికీ వైపు. పాత పేపర్ చదివాను. ఇది మోసం మిస్, ముక్కు లేకుండా నాకు రాదు, అంది. ప్రయత్నించు, అన్నాను.

ఇరవైకి పద్నాలుగు.

ఊరికే టిక్కు పెట్టడం కాదు, ఎందుకో కూడా చెప్పింది. ఇది సబార్డినేట్ మిస్, చెయ్యి పట్టుకోవాలి. ఇది పాసివ్, దొంగ కనబడడు. ఇక్కడ హావ్ ఎందుకంటే ఇంకా వానలోనే ఉన్నాడు. నేను డైవా దగ్గర నేర్చుకున్నదీ, నా దగ్గర అది నేర్చుకున్నదీ, పైన తను కలిపినదీ, అన్నీ ఉన్నాయి. నా వీపు వెనక ఆ పిల్ల గొంతు వింటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. దానికి నా ముక్కు అక్కర్లేదు. నిన్న కూడా అక్కర్లేకపోయేది.

కానీ నిన్న అది చూసింది. నేను చూపించాను.

సాయంత్రం కీత్‌కి చెప్పాను. నోరు మూసుకుని టీ తాగు మాక్స్, అన్నాడు. ముక్కు కదిలిందని కోర్టుకెక్కిన మనిషిని ఈ ఊరు ఇంతవరకూ చూడలేదు, అన్నాడు. తర్వాత నా ముఖం చూసి, ఉద్యోగం పోతే పోతుంది, పిల్ల కాగితం కూడా పోతుంది కదే, అన్నాడు. నా బాధంతా అదే. నా ఒక్కదాని ఉద్యోగమే అయితే ఈపాటికి చెప్పేసేదాన్ని.

నిజంగా చెప్పేసేదాన్నా? జనవరిలో ఒక్క చిన్న మాట చెప్పలేకపోయాను.

మే 15, బుధవారం, ఉదయం

హెడ్ కంటే ముందు కెజియాకి చెప్పాలనిపించింది. ప్రార్థనకి ముందు, కోట్లు తగిలించే చోట పట్టుకున్నాను. మిసెస్ థర్కెల్‌కి చెప్పబోతున్నాను, నీ పేపర్ రద్దు చేస్తారేమో, అన్నాను.

అర్థం కావడానికి దానికి ఒక నిమిషం పట్టింది. ఎందుకు మిస్, ఎవరూ చూడలేదు కదా, అంది. ఎందుకో చెప్పబోయాను. నియమం అన్నాను, సంతకం అన్నాను, ఏదీ అతకలేదు. ఆఖరికి, అలా బాగోదు కెజియా, అన్నాను.

ఎవరికి బాగోదు, అంది. జనవరిలో అన్నట్టే. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నాకు, అన్నాను.

కోటు తీసుకుని వెళ్లిపోయింది. లోపలికి వెళ్లేటప్పుడు కోటు ఎవరూ తీసుకోరు.

అదే రోజు, మధ్యాహ్నం 2

రాతపూర్వకంగా ఇమ్మంది మిసెస్ థర్కెల్. విద్యార్థినికి సూచన అందజేయబడింది, అని రాశాను. చదువుకుంటే దొంగ కనబడలేదు. కొట్టేశాను. నేను నా ముఖంతో సూచన ఇచ్చాను, అని రాశాను. కింద జనవరి సంగతి కూడా రాశాను, గ్రామర్ రాదు, వచ్చని చెప్పాను, వంటింట్లో డైవా దగ్గర నేర్చుకున్నాను, అని. డైవాని అడిగే రాశాను. రాయి, స్పెల్లింగ్ సరిగ్గా రాయి, అంది.

ఆవిడ రెండుసార్లు చదివింది. లేచి తలుపు వేసి వచ్చింది. నాకు నలభై మూడేళ్లొచ్చాక ఈ పేపర్ పెట్టారు మాక్సీన్, హెడ్‌ని అయి ఉండి ఎవరిని అడుగుతాను, ఇంట్లో బాత్రూం తలుపేసుకుని పిల్లల పుస్తకంలో నేర్చుకున్నాను, అంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నవ్వొచ్చే మాటే, ఇద్దరికీ రాలేదు. అయినా పైకి రాయక తప్పదు నాకు, అంది. రాయండి, అన్నాను.

మే 22

గ్రామర్ పేపర్ రద్దు. కెజియాది ఒక్కదానిదే. మిగతా పరీక్షలకి ఏమీ కాదట.

మే 24

కెజియా నాతో మాట్లాడటం లేదు. మిస్ అని కూడా అనడం లేదు. లేసు ఊడితే పక్క క్లాసు అసిస్టెంట్ దగ్గరికి నడిచి వెళ్లి కట్టించుకుంది. దానికి లేసు కట్టుకోవడం వచ్చు, నేనే నేర్పాను, ఐదేళ్లప్పుడు.

జూన్ 11

డైవా కొత్త నోటీసు అంటించింది. 'ద'లు అన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. ఎలా తెలిసింది, అన్నాను. చదివితే బాగుంది, అంది. తనే ఉలిక్కిపడింది.

జులై 9, మంగళవారం

ఫలితాలు. ఐదుగురిలో నలుగురు గట్టెక్కారు. కెజియా పేరుకి ఎదురుగా, అంకె ఉండాల్సిన చోట రద్దుకి గుర్తుగా ఒక అక్షరం ఉంది. మిగతా సబ్జెక్టుల్లో లెక్కలు పాసైంది. లెక్కల కాగితం ఫ్రిజ్ మీద పెట్టుకోవచ్చు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత తెలివి నాది. ఆ మాగ్నెట్ కింద ఏ కాగితం రావాలని అది అనుకుందో నాకు తెలియదా?

జులై 12

తీసేసేవాళ్ల పేర్లు వచ్చాయి. నేను లేను. ఆరో క్లాసులోనూ లేను. సెప్టెంబర్ నుంచి చిన్నపిల్లల గదిలో పని, మళ్లీ ముక్కులూ బకెట్టూ. పరీక్షల గదుల్లోకి ఇక రానివ్వరు. ఒక షరతు పెట్టింది మిసెస్ థర్కెల్. సాయంత్రం కాలేజీలో చేరి, పదహారేళ్లప్పుడు తప్పిన ఇంగ్లిష్ పరీక్ష రాయాలి.

కాలేజీ ఫారంలో ఒక గడి ఉంది. ఇంగ్లిష్ ఎంతవరకు వచ్చు, అని. చెవికి పూర్తిగా వచ్చు, నాకు సగం వచ్చు, అని రాద్దామనుకున్నాను. తెలియదు, అని రాశాను. చాలా తేలిగ్గా ఉంది. కెజియా ఇన్నాళ్లూ అంత హాయిగా ఎలా అనేదో ఇప్పుడు తెలిసింది. దానికి చెప్పాలనిపించింది, కానీ కారిడార్‌లో ఎదురైతే అది గోడ వైపు చూస్తూ వెళ్లిపోతోంది.

జులై 19, శుక్రవారం

ఈ ఏటికి ఆఖరి గంట కొట్టాక కెజియా వచ్చింది. చేతిలో పాత ప్రశ్నపత్రం. మీకూ పరీక్షంట కదా, డైవా చెప్పింది, కూర్చోండి మిస్, అంది. చిన్న కుర్చీలో కూర్చున్నాను. అది ఎదురుగా నిలబడి, ఊలు జంపర్ మెడ పట్టుకుని, ముక్కు కనబడకుండా కళ్ల కిందిదాకా లాక్కుంది. వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, ఉన్నది ఉన్నట్టు చదివింది.

పది ప్రశ్నలు. పదికీ జవాబు చెప్పాను. కరెక్టేనా, అని అడిగాను.

జంపర్ దించలేదు.